క్లాసు తప్పినవారికి తిరిగొచ్చే దారి ఉంచండి: వయోజన విద్యా కేంద్రాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

నిర్వాహక సంఘాల సభ్యులకు, కేంద్రాల బాధ్యులకు నమస్కారం.

కొత్త బ్యాచ్‌లకు దరఖాస్తులు అచ్చు వేయించే ముందే ఈ ఉత్తరం మీ చేతికి అందాలని రాస్తున్నాం. కంప్యూటర్, కుట్టుపని, చదవడం రాయడం, లెక్కలు, కొత్త భాష ఏదైనా సరే, మన కోర్సులన్నీ ఒకే తీరున ఖాళీ అవుతున్నాయి. మొదటి రోజు కుర్చీలు చాలవు. మూడో వారానికి వెనక వరసలో ఎవరూ ఉండరు. కోర్సు సగం దాటేసరికి మిగిలేది ముందు నుంచీ కాస్తో కూస్తో తెలిసినవాళ్ళే. సమీక్ష సమావేశాల్లో దీనికి "పెద్దవాళ్ళకు పట్టుదల ఉండదు" అని కారణం చెబుతున్నారు. ఆ మాట మేం ఒప్పుకోం. పగలంతా పనిచేసి, ఇల్లు చక్కబెట్టుకుని, సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని వచ్చిన మనిషికి పట్టుదల లేదనడం అన్యాయం.

మానేసేవాళ్ళలో చాలామంది మానేద్దామనుకుని మానేయరు. ఏదో పని పడి ఒక క్లాసు తప్పుతుంది. తర్వాతి క్లాసుకు వస్తారు. అక్కడ ఏం జరుగుతోందో అంతుపట్టదు. పక్కవాళ్ళను అడగడానికి మొహమాటం, బోధకుణ్ణి ఆపి అడగడానికి అంతకన్నా మొహమాటం. గంటన్నర సేపు తలూపుతూ కూర్చుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత రారు. అంటే మనిషి మనకు దూరమైంది రాని రోజున కాదు, తిరిగొచ్చిన రోజున. మన కోర్సులు మాత్రం అందరూ అన్ని రోజులూ వస్తారన్న లెక్క మీద కట్టి ఉన్నాయి. పిల్లల బడికి ఆ లెక్క నడుస్తుంది. షిఫ్టులు మారేవాళ్ళకు, ఇంట్లో మంచాన పడ్డవాళ్ళను చూసుకునేవాళ్ళకు నడవదు. ప్రతి ఒక్కరికీ ఒకటి రెండు క్లాసులు తప్పడం ఖాయమనుకుని కోర్సును కట్టండి. మా విన్నపం అంతే.

ఇది కొత్త సమస్య కాదు. 1823లో జార్జ్ బిర్క్‌బెక్ అనే వైద్యుడు, ఆయన మిత్రులు లండన్‌లో చేతిపనివారి కోసం మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టారు. పగలు పనిచేసేవారి కోసం సాయంత్రం పూట ఉపన్యాసాలు. అలాంటి సంస్థలు ఆ దేశమంతటా వందల్లో వెలిశాయి. కానీ పని చేసి అలిసి వచ్చినవారికి ఆ ఉపన్యాసాలు అందలేదు. చాలాచోట్ల పోను పోను గుమాస్తాలు, చిన్న వ్యాపారులు ఆ కుర్చీల్లోకి చేరారు. వేళ మార్చారు కానీ పాఠం తీరు మార్చలేదు. సాయంత్రం బ్యాచ్ పెట్టాం కదా, ఇంకేం కావాలి అనే కేంద్రాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ముందుగా ఒక పెద్ద కాగితం తీసుకుని కోర్సులోని క్లాసులన్నీ గళ్ళుగా రాయండి. ఏ క్లాసు తెలియకపోతే ఏ క్లాసు నడవదో బాణాలు గీయండి. బోధకుడు, సమన్వయకర్త కలిసి కూర్చుంటే పూట పని. గీశాక తెలుస్తుంది, ఒకదాని తర్వాత ఒకటి తప్పనిసరిగా జరగాల్సినవి మనం అనుకున్నన్ని ఉండవని. మిగతావి అలవాటు కొద్దీ ఆ వరసలో పెట్టుకున్నవే. బాణం లేని క్లాసులను ఎటు జరిపినా ఫరవాలేదు. బాణాలు ఎక్కువగా బయల్దేరే గడి ఒకటో రెండో కనిపిస్తాయి. అసలు జాగ్రత్తంతా వాటి దగ్గరే.

ప్రాథమిక కంప్యూటర్ కోర్సులో ఆ గడి 'ఫైలును సేవ్ చేయడం'. ఇది తప్పినవారికి ఆ తర్వాత ఈమెయిల్‌కు జత చేయడం రాదు, దరఖాస్తు అప్‌లోడ్ చేయడం రాదు, ప్రింట్ తీయడం రాదు. వారు "నా ఉత్తరం పోయింది" అంటారు. అది ఎక్కడికీ పోదు. సేవ్ నొక్కినప్పుడు తెరపై చూపించిన ఫోల్డర్ పేరు చదవలేదు, అంతే. అందుకని ఈ ఒక్క పాఠాన్ని కోర్సులో కనీసం మూడుసార్లు, మూడు వేర్వేరు పనుల్లో పెట్టండి. ప్రతి కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద 'అభ్యాసం' అని ఒకే ఫోల్డర్ ఉంచండి. అందులో ముందే రాసి పెట్టిన ఒక ఉత్తరం, ఒక ఫొటో ఉండాలి. సేవ్ చేసే క్లాసు తప్పిన మనిషి, జత చేసే క్లాసుకు వచ్చినప్పుడు ఆ ఉత్తరాన్నే తీసుకుని అందరితోపాటు పంపిస్తారు. తన ఉత్తరం తను రాసుకోవడం వచ్చే వారం చూసుకోవచ్చు.

దీన్ని మేం అరువు ముక్క అంటాం. తప్పిపోయిన మెట్టు దగ్గర మనిషిని ఆపకుండా, ఆ మెట్టు పూర్తయితే చేతిలో ఏం ఉండేదో అది ముందే తయారుచేసి చేతికివ్వడం. కుట్టుపనిలో ఇది ఇంకా బాగా అక్కరకొస్తుంది. కొలతలు, డ్రాఫ్టింగ్ (కొలతల ప్రకారం నమూనా గీయడం), కత్తిరింపు, కుట్టు అనేది నిజంగానే గొలుసు. కత్తిరింపు రోజు రానివారు కుట్టు రోజున వచ్చి ఊరికే చూస్తూ కూర్చుంటున్నారు. ప్రతి బ్యాచ్‌కూ రెండు మూడు జతల ముక్కలు కత్తిరించి, ఏ అంచు ఏ అంచుకు కలవాలో చాక్‌పీసుతో గుర్తుపెట్టి అలమారలో ఉంచండి. వచ్చినవారు ఆ ముక్కలు కుడతారు. కత్తిరించడం తర్వాత నేర్చుకుంటారు. వెనక నుంచి ముందుకు నేర్చుకుంటే పని పాడైపోదు. కుట్టి చూసినవారికి కత్తిరింపులో కుట్టు మార్జిన్ ఎందుకు వదలాలో చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.

కుట్టు క్లాసులో బాణాలు బయల్దేరే గడి మిషన్‌కు దారం ఎక్కించడం. ఆ క్లాసు తప్పినవారు పక్కవారిని చూసి ఎక్కిస్తారు, నాలుగు అంగుళాలు కుట్టేసరికి బట్ట అడుగున దారం ఉండలు కడుతుంది. బాబిన్ (అడుగు దారం చుట్టే చిన్న చక్రం) విప్పుతారు, మళ్ళీ చుడతారు, మళ్ళీ అదే. తప్పు కింద కనిపిస్తుంది గానీ చాలావరకు పై దారానిది. బట్టను అదిమే ఫుట్ దించి ఉన్నప్పుడు పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ డిస్కులు బిగుసుకుని ఉంటాయి. అప్పుడు దారం వాటి మధ్యలోకి దిగకుండా పైనే జారుతుంది. ఫుట్ ఎత్తి, దారం మొత్తం తీసేసి, మొదటి నుంచి ఎక్కిస్తే సరిపోతుంది. రెండో తప్పు సూదిది. సూది తలలో చదునుగా ఉన్న వైపు ఎటు తిరగాలో మిషన్‌ను బట్టి మారుతుంది, తిరగేసి పెడితే మధ్యమధ్యలో కుట్లు పడవు. కాబట్టి ప్రతి మిషన్ మీదా దారం వెళ్ళే దారిలో 1, 2, 3 అని అంకెల స్టిక్కర్లు అంటించండి. సూది చదును వైపుకు ఒక బాణం గుర్తు. ఈ కాస్త పనితో తిరిగొచ్చినవారు ఎవరినీ అడగనక్కర్లేదు. "మిషన్ నాకు అచ్చి రావడం లేదు" అంటూ వెళ్ళిపోయినవారిలో ఎంతమంది ఆ ఫుట్ ఎత్తక వెళ్ళిపోయారో అనిపిస్తుంది మాకు.

చదవడం, రాయడం నేర్పే క్లాసులో గొలుసు మరీ పొడవు. అ నుంచి మొదలుపెట్టి వర్ణమాల వరసన పోతే, అచ్చులప్పుడు రానివారికి హల్లులు అందవు, హల్లులప్పుడు రానివారికి గుణింతం అందదు, ఒత్తుల దాకా చేరేవారు కొద్దిమంది. ఈలోగా చదవదగ్గ మాట ఒక్కటీ చేతికి రాదు. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్ పట్టణంలో పౌలో ఫ్రెయిరే అనే విద్యావేత్త బృందం సుమారు 300 మందికి 40 గంటల అక్షరాస్యతా కోర్సు నడిపింది. వాళ్ళు అక్షరమాలతో కాకుండా నేర్చుకునేవారి బతుకులోంచి ఏరిన మాటలతో మొదలుపెట్టారు. ఒక మాట తీసుకుని, దాని గురించి మాట్లాడించి, దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఐదు అచ్చులతో వరస రాయించేవారు. చూస్తే మన గుణింతమే అది. మన లిపికి ఆ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. 'ఇటుక' అనే మాట తీసుకుంటే ట, క రెండింటి గుణింతాలూ అక్కడే దొరుకుతాయి. టీకా, కాకి, కాటుక దాకా ఆ పూటే చదివించవచ్చు. ఒక్కో క్లాసుకు ఒక్కో మాట అయితే, ఏ క్లాసు తప్పినా పోయేది ఆ మాట ఒక్కటే. దారి పోదు. గుణింతం గుర్తులు ప్రతి మాటలోనూ తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి కాబట్టి తప్పినవారికి వాటంతటవే దొరుకుతాయి. పోలికలున్న అక్షరాలను, ప, వ వంటివాటిని, ఒకే వారం ఇవ్వకండి. మొదటిది చేతికి రాకముందే రెండోది వస్తే రెండూ కలిసిపోతాయి.

ఇక క్లాసులోని మొదటి పది నిమిషాలు. చాలామంది బోధకులు "పోయినసారి ఎక్కడిదాకా వచ్చాం?" అని అడిగి, తామే మళ్ళీ చెప్పేస్తారు. వచ్చినవారికి అది విసుగు, రానివారికి అది చాలదు. దానికి బదులు పోయిన క్లాసు పనిని పుస్తకం చూడకుండా చేయించండి. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చదవడానికి బదులు గుర్తుచేసుకుని రాసినవారికే ఎక్కువ జ్ఞాపకం ఉంది. మన క్లాసులు వారానికి ఒకటి రెండు కాబట్టి మనకు కావాల్సింది వారం తర్వాతి జ్ఞాపకం. క్లాసు తప్పినవారిని ఆ పది నిమిషాలూ వచ్చినవారి పక్కన కూర్చోబెట్టండి. వచ్చినవారు చేసి చూపిస్తూ చెప్పాలి. చెప్పేవారికి పాఠం గట్టిపడుతుంది, వినేవారికి దారి దొరుకుతుంది. మౌస్ మాత్రం నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. పక్కవారు లాక్కుని చేసి పెట్టేస్తే ఏమీ రాదు. ఈ నియమాన్ని గోడ మీద రాసి పెట్టండి.

వారానికి ఒకే రోజు నాలుగైదు గంటలు లాగించే కోర్సులను మార్చమని కోరుతున్నాం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తనే చేసుకుని 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో, అర్థం లేని అక్షరాల వరసలను కంఠస్థం చేసి, ఒక రోజు తర్వాత మళ్ళీ నేర్చుకున్నప్పుడు మొదటిసారితో పోలిస్తే ఆదా అయిన శ్రమ దాదాపు మూడో వంతే. అర్థమున్న పాఠం అంత వేగంగా జారదు గానీ, జారడం మాత్రం ఖాయం. పైగా రోజంతా కోర్సు ఒక్కసారి తప్పితే వారం మొత్తం పోయినట్టే. అదే సమయాన్ని గంటన్నర చొప్పున మూడు రోజులకు పంచితే తప్పేదీ చిన్నదవుతుంది, మరపూ తగ్గుతుంది. ప్రయాణం దూరమైనవారికి ఒకే రోజు నయమనే వాదన ఉంది, అది నిజమే. అక్కడ మాత్రం రోజును రెండు పూటలుగా చేసి, ఏ పూటకు ఆ పూట పని ముగిసేలా కట్టండి.

ప్రతి క్లాసుకూ ఒక 'తిరుగు పేజీ' ఉండాలి. ఒకవైపు మాత్రమే, పెద్ద అక్షరాల్లో, 14 పాయింట్లకు తగ్గకుండా. అందులో ఆ రోజు నేర్చుకున్న ఒకే ఒక పని, దాన్ని చేసే నాలుగైదు మెట్లు, అందరూ చేసే ఒక తప్పు, దాన్ని సరిదిద్దే తీరు, ఇంట్లో పది నిమిషాల్లో అయ్యే ఒక అభ్యాసం ఉంటే చాలు. నాలుగు పేజీల నోట్స్ ఇస్తే ఎవరూ చదవరు. బోర్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం అంతకన్నా దండగ. లైటు మెరుపు పడి సగం కనిపించదు, కనిపించిన సగం క్లాసులో ఉన్నవారికే అర్థమవుతుంది. చదవడం ఇంకా రానివారికి నిమిషం లోపు వాయిస్ సందేశం పంపండి, అందులో ఒక్క పని మాత్రమే చెప్పండి.

రానివారికి ఫోన్ చేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఆఫీసు నుంచి ఎవరో చేసి "మీరు నిన్న క్లాసుకు ఎందుకు రాలేదు?" అంటే మనిషి సంజాయిషీలోకి వెళ్ళిపోతారు. క్లాసు చెప్పిన బోధకులే, మర్నాడు లేదా ఎల్లుండి లోపు, కారణం అడగకుండా మాట్లాడాలి. "నమస్తే అండీ. నిన్న ఫైలు జత చేయడం చూశాం. మీ పేజీ తీసి పెట్టాను. గురువారం ఇరవై నిమిషాలు ముందు రండి, ఇద్దరం కూర్చుని చేసేద్దాం." ఇంతే చాలు. ఆ ఇరవై నిమిషాలు క్లాసుకు ముందే ఉండాలి, తర్వాత కాదు. క్లాసు అయ్యాక అందరికీ ఇంటికి వెళ్ళే తొందర. ముందు ఉంటే, సందేహం తీర్చుకుని అందరితో సమానంగా కూర్చుంటారు. దీనికి గది తాళం ముందే తీయాలి, కంప్యూటర్లు ముందే ఆన్ చేయాలి. ఇది ఎవరి పనో పేరు రాసి పెట్టకపోతే రెండో వారానికే ఆగిపోతుంది.

కంప్యూటర్ గదిలో ఇంకో రెండు సంగతులు. మొదటిది డబుల్ క్లిక్. కొత్తవారి చేయి రెండు క్లిక్కుల మధ్య కదులుతుంది, ఫైలు తెరుచుకోదు, పక్కకు జరుగుతుంది. ఎడం ఎక్కువైతే పేరు మార్చే పెట్టె తెరుచుకుంటుంది, వారికి ఏదో పాడుచేశామని భయం వేస్తుంది. మొదటి వారాల్లో డబుల్ క్లిక్ అసలు నేర్పకండి. ఒక్కసారి క్లిక్ చేసి ఎంటర్ నొక్కమనండి. మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగం తగ్గించి, పాయింటర్‌ను పెద్దది చేసి ఉంచండి. రెండోది ఈమెయిల్ ఖాతా. ఒకే నెట్‌వర్క్ నుంచి ఒకే గంటలో పది పన్నెండు ఖాతాలు తెరవబోతే సర్వీసు వాళ్ళ వ్యవస్థ అనుమానించి ఆపేయవచ్చు. ఓటీపీ కొడుకు ఫోన్‌కో కూతురు ఫోన్‌కో పోతే ఆ రోజు క్లాసంతా ఎదురుచూపే. ఎవరి ఫోన్ వారు తెచ్చుకోమని ముందు క్లాసులోనే చెప్పండి. రోజుకు ముగ్గురు నలుగురు చొప్పున, ఆ ముందస్తు ఇరవై నిమిషాల్లో తెరిపించండి. మిగతా క్లాసును దానికోసం నిలబెట్టకండి.

వెలుతురు గురించి ఒక మాట. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. వయసు పెరిగేకొద్దీ కంటిలోకి చేరే వెలుతురూ తగ్గుతుంది. యూరప్ లైటింగ్ ప్రమాణం ఈఎన్ 12464-1, 2011 నాటి కూర్పులో, మామూలు తరగతి గదికి 300 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) చాలన్నది కానీ సాయంత్రం తరగతులకు, వయోజన విద్యకు 500 లక్స్ కావాలంది. అద్దాల నంబరు మారి కొందరు, వెలుతురు చాలక కొందరు చదవలేకపోతే, అది తమ తెలివి తక్కువతనమనుకుంటున్నారు. బల్ల మీద వెలుతురు కొలవండి. ఫోన్ యాప్ ఉజ్జాయింపుగా చెబుతుంది. లైటు కూర్చున్నవారి వెనక ఉంటే సొంత నీడే పుస్తకం మీద పడుతుంది, బల్లలు తిప్పితే పైసా ఖర్చు లేకుండా పోయేది.

చేర్చుకునేటప్పుడు "ఎంతవరకు చదివారు?" అన్న ప్రశ్నను వెనక్కి నెట్టండి. ముందు "రాబోయే మూడు నెలల్లో ఏ వారాలు రాలేరో తెలుసా?" అని అడగండి. షిఫ్టు పట్టిక, ఇంట్లో పెళ్ళి, ఆస్పత్రి తేదీలు చాలామందికి ముందే తెలుసు. అవి రాసుకుంటే ఏ తిరుగు పేజీ ఎవరికి ముందే ఇవ్వాలో తెలుస్తుంది, రాకపోవడం నేరమన్న భావమూ ఉండదు. స్థాయి తెలుసుకోవడానికి పరీక్ష వద్దు. పది నిమిషాల పని ఇవ్వండి, ఒక నోటీసు చదివించడమో, ఒక ఫారం నింపించడమో. ఫీజు కట్టించుకున్నాక కాదు, కట్టకముందు. పిల్లలను వదిలి రాలేనివారికి పక్క గదిలో ఒక మూల, ఒక మనిషి ఏర్పాటు ఉంటే మంచిది. తప్పిన క్లాసులను తర్వాతి బ్యాచ్‌లో అదనపు ఫీజు లేకుండా పూర్తి చేసుకోనివ్వండి.

సర్టిఫికెట్‌కు 75 శాతం హాజరు అడిగే నిబంధన తీసేయండి. గైర్హాజరులు ఆ హద్దు దాటి సర్టిఫికెట్ పోయిందని తెలిసిన మనిషి తర్వాతి క్లాసుకు ఎందుకొస్తారు? దాని బదులు చేసి చూపించాల్సిన పనుల పట్టిక పెట్టండి, పన్నెండో పదిహేనో, ఎప్పుడు చేసి చూపిస్తే అప్పుడు బోధకుల సంతకం. హాజరు పట్టీ ఉండాలి, కానీ దాన్ని చదివే తీరు మారాలి. ఎంతమంది రాలేదన్నది కాదు, ఒకసారి తప్పినవారిలో ఎంతమంది వెంటనే తర్వాతి క్లాసుకు వచ్చారన్నది ప్రతి నెలా చూడండి. నిధులిచ్చేవారికి పంపే నివేదికలోనూ చేరినవారి సంఖ్య పక్కన ఆ సంఖ్య వేయండి. మొదట్లో అది చిన్నదిగా కనిపిస్తుంది. దాచకండి.

ఇవన్నీ బోధకుల సమయంతో జరిగే పనులు. తిరుగు పేజీకి పావుగంట, ముందస్తు కూర్చోవడానికి ఇరవై నిమిషాలు, ఫోన్లకు పది నిమిషాలు. గంటన్నర క్లాసుకు గంటన్నర వేతనమే ఇస్తే మొదట ఆగిపోయేది ఫోన్, తర్వాత పేజీ. ఒక్కో క్లాసుకు రెండుంపావు గంటల లెక్కన చెల్లించండి. డబ్బు చాలకపోతే కోర్సుల సంఖ్య తగ్గించండి గానీ ఈ ముప్పావుగంట తీసేయకండి. కంప్యూటర్, కుట్టు బ్యాచ్‌ల్లో పన్నెండు మందికి మించకుండా, ఒక సహాయకుణ్ణో సహాయకురాలినో పెట్టండి. పాత బ్యాచ్‌లో నేర్చుకున్నవారైతే మరీ మంచిది, ఎక్కడ చిక్కుకుంటారో వారికి తెలుసు. సహాయకులు లేకపోతే ఒకరి పాస్‌వర్డ్ దగ్గర బోధకులు ఇరుక్కుపోయి, మిగతా పదకొండు మందీ గోడలు చూస్తూ కూర్చుంటారు.

అన్ని కోర్సులూ ఒకేసారి మార్చమని మేం అడగడం లేదు. ఎక్కువమంది మధ్యలో ఆగిపోతున్న కోర్సు ఒకటి తీసుకోండి. దాని బోధకులను పిలిచి బాణాలు గీయించండి. మొదటి నాలుగు క్లాసుల తిరుగు పేజీలు, అరువు ముక్కలు సిద్ధమయ్యాకే ఆ కోర్సు దరఖాస్తులు ప్రెస్సుకు పంపండి. పేజీలు రాయడానికి, బాణాలు గీయడానికి మాలో ఎవరిని పిలిచినా వస్తాం.

ఇట్లు,
వయోజన విద్యా కేంద్రాల్లో పాఠాలు చెబుతున్న బోధకులు, కోర్సు సమన్వయకర్తలు